‘చాలు’ అన్న మాట ఆ రిపోర్టులో లేదు

2019 నవంబరులో మా అబ్బాయి స్కూలు వాళ్ళు నా చేతిలో 28 పేజీల రిపోర్టు పెట్టారు. మూడేళ్లకోసారి చేసే పరీక్షల రిపోర్టు అది. మీటింగులో వాళ్ళు చదివి వినిపిస్తుంటే తలూపుతూ విన్నాను. సంతకం పెట్టమన్న చోట పెట్టాను. బయటికొచ్చి కారెక్కాక, వాడు వెనక సీట్లో కూర్చుని కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీసుకుంటుంటే, ఊరికే ఇంకోసారి తిరగేశాను. పంతొమ్మిదో పేజీలో ఒక వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పని ఇచ్చినప్పుడు పిల్లవాడు అర్థంలేని శబ్దాలు చేస్తున్నాడు, ఉదాహరణకి ‘ఛాలూ’, అని రాసి ఉంది. ఆ శబ్దాలు తగ్గించడాన్ని వచ్చే ఏడాదికి ఒక లక్ష్యంగా కూడా పెట్టారు.

వాడు ‘చాలు’ అంటున్నాడు. ఏడేళ్లొచ్చినా నోట్లో పట్టుమని పది మాటలు లేని పిల్లవాడు, తనకి ఉన్న కాసిని మాటల్లోంచి సరైన మాట ఏరుకుని, సరైన సమయంలో అంటున్నాడు. దాన్ని మాన్పించే కాగితం మీద నేను సంతకం పెట్టి వచ్చాను.

మా వాడికి ఆటిజం ఉంది, దాంతోపాటు బుద్ధిమాంద్యం కూడా. మేము డాలస్ దగ్గర ఉంటాం. ఆ రోజు నుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటే, నేనెందుకు సంతకం పెట్టాను అని. ఇంగ్లిష్ రాక కాదు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివాను, తెనాలిలో నాలుగేళ్లు ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పాను. చదవడానికి టైమివ్వలేదా అంటే, అడిగితే ఇచ్చేవాళ్ళే. అడగలేదు. బల్లకి అటువైపు ఏడుగురు, ఇటువైపు నేనొక్కదాన్ని. అందరూ నవ్వుతూ మాట్లాడారు. టీచరు ఎదురుగా కూర్చుంటే ఎదురు మాట్లాడకూడదని పెరిగినదాన్ని. దానికి తోడు ఈ దేశంలో దిగినప్పటి నుంచీ మా బతుకంతా సంతకాలే. వీసాకి సంతకం, పొడిగింపుకి సంతకం, గ్రీన్ కార్డ్ దరఖాస్తుకి సంతకం. కాగితం ఇచ్చినవాళ్ళకి కోపం రాకుండా చూసుకోవడం మాకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

ఇక్కడి స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం మాత్రం మరో రకం మనుషుల కోసం పుట్టింది. 1975కి ముందు అమెరికాలో చాలా స్కూళ్ళు ఇలాంటి పిల్లల్ని గేటు దగ్గరే వద్దనేవి. పెన్సిల్వేనియాలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు సంఘం కట్టి, సొంత రాష్ట్రం మీద కోర్టుకెళ్ళి, 1972లో తమ పిల్లలకి చదువు హక్కు సాధించారు. మూడేళ్లకి దేశమంతటికీ చట్టం వచ్చింది. పోట్లాడిన తల్లిదండ్రులు తెచ్చుకున్న చట్టం కాబట్టి, తల్లీతండ్రీ పోట్లాడతారనే లెక్క మీదే అది నడుస్తుంది. పిల్లవాడికి ఏం నేర్పాలో రాసే ఐఈపీ అనే కాగితం తయారుచేసే జట్టులో తల్లిదండ్రులూ సభ్యులే. నచ్చకపోతే మాకు సమ్మతం కాదని రాయొచ్చు. స్కూలు చేసిన పరీక్ష నచ్చకపోతే, బయటివాళ్ళ చేత స్కూలు ఖర్చుతోనే మళ్ళీ చేయించమని అడగొచ్చు. అన్నీ ఉన్నాయి, అడిగేవాళ్ళకి. అడగందే అమ్మైనా పెట్టదని మనకీ సామెత ఉంది. కానీ వీసా మీద బతికే కుటుంబానికి ఈ దేశం నేర్పేదల్లా అడగకుండా ఉండటమే. నా వాదన ఇంతే. వలస వచ్చిన తల్లిదండ్రులకి పిల్లవాడి వైకల్యం మోయలేనంత బరువు కాదు. చట్టం అడగమంటుంది, వీసా నోరు మూయమంటుంది. ఈ రెంటి మధ్యా మా పిల్లల ఏళ్లు రాలిపోతున్నాయి.

మా వాడివి ఎన్ని రాలాయో లెక్క చెప్పగలను. మేము 2014లో వచ్చాం, వాడికి రెండేళ్లు దాటాయి. మూడేళ్లలోపు పిల్లలకి ఇంటికొచ్చి థెరపీ ఇచ్చే కార్యక్రమం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. మాకెవరూ చెప్పలేదు, మేమూ ఎవర్నీ అడగలేదు. ‘మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే, వాళ్ళ నాన్నకీ నాలుగేళ్లకి గానీ రాలేదు’ అన్న మాట పట్టుకుని ఎనిమిది నెలలు గడిపాం. మూడేళ్లు నిండాక స్కూలుకెళ్ళి నోటితో అడిగాం. ఇంకో ఏడాది చూద్దామన్నారు, కొత్త దేశం, రెండు భాషలు, సర్దుకుంటాడు అన్నారు. థాంక్యూ చెప్పి వచ్చేశాం. నోటితో అడిగితే గాలికి పోతుందని, కాగితం మీద రాసి తేదీ వేసి ఇస్తే టెక్సాస్‌లో 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలని, మేము ఒప్పుకుంటూ సంతకం పెట్టిన రోజు నుంచి 45 స్కూలు రోజుల్లో పరీక్ష పూర్తిచెయ్యాలని తెలిసేసరికి ఏడాది అయిపోయింది.

మా స్కూలు ఎందుకు అలా అందో నేను ఊహించను. కానీ ఆ రోజుల్లో ఈ రాష్ట్రంలో ఏం జరుగుతుండేదో అందరికీ తెలిసిన విషయమే. 2004 నుంచి టెక్సాస్ విద్యాశాఖ ఒక అంకె పెట్టుకుంది. మొత్తం పిల్లల్లో 8.5 శాతాన్ని మించి స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉంటే ఆ స్కూలు జిల్లా మీద నిఘా ఉంటుంది. దేశమంతటా సగటు 13 శాతం దగ్గర ఉండేది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దీన్ని బయటపెట్టింది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తల్లులకే తలుపు తెరుచుకోని ఏళ్లవి. మాలాంటివాళ్ళం తలుపు తట్టను కూడా లేదు.

ఇక భాష సంగతి. నాకు ఇప్పటికీ మానని గాయం ఇదే.

నాలుగేళ్లప్పుడు ఆటిజం అని తేలాక, ఒక స్పీచ్ థెరపిస్ట్ ఎంతో మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చింది. ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లిష్ అయితే మంచిది, రెండైతే తికమక పడతాడు అంది. ఆ సాయంత్రమే మొదలుపెట్టాం. నా కొడుకుతో నేను ఇంగ్లిష్‌లో మాట్లాడటం మొదలుపెట్టాను. ‘ఈట్ రైస్’, ‘సిట్ హియర్’, ‘గుడ్ జాబ్’. పాఠం చెప్పడానికి సరిపోయే నా ఇంగ్లిష్ పిల్లాణ్ణి ముద్దు చెయ్యడానికి సరిపోలేదు. కన్నా, బంగారం, నా తండ్రే, ఏడవకు నాన్నా, ఇవేవీ లేవు. రోజుకి వెయ్యి మాటలు మాట్లాడేదాన్ని యాభైకి పడిపోయాను. మాటలు రాని పిల్లవాడి ఇంట్లో అమ్మ కూడా మాట్లాడటం మానేసింది. రెండేళ్లు.

ఆ సలహా తప్పు. ఊరికే అంటున్నది కాదు. రెండు భాషలు వినే ఆటిజం పిల్లలకీ ఒకే భాష వినే ఆటిజం పిల్లలకీ మాటల ఎదుగుదలలో తేడా ఏమీ లేదని పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చెప్పాయి. పిల్లలకి కావలసింది, మాట్లాడేవాళ్ళు తడుముకోకుండా, మనసారా మాట్లాడే భాష. ఇప్పటికీ ఏడాదికి ఇద్దరు ముగ్గురు తల్లులు నాకు ఫోన్ చేసి, ‘తెలుగు మానెయ్యమన్నారక్కా, ఏం చెయ్యమంటారు’ అని అడుగుతారు. మానొద్దని చెప్తాను. చెప్పినప్పుడల్లా ఆ రెండేళ్లు గుర్తొచ్చి గొంతు పట్టుకుంటుంది.

2019లో అత్తయ్యగారు ఆర్నెల్లు ఉండటానికి వచ్చారు. సూట్‌కేసులో కందిపొడి, గోంగూర పచ్చడి సీసాల మధ్య ఒక చిన్న గుడ్డలో వసకొమ్ము చుట్టి తెచ్చారు. బారసాలప్పుడు సరిగ్గా వస పొయ్యలేదేమోనన్న బెంగ ఆవిడకి ఏడేళ్లుగా ఉంది. ఆవిణ్ణి చూసి నవ్వలేదు నేను, ఏడ్చాను. మనవడి నోట మాట రావాలని ఆవిడకి తెలిసిన వైద్యం అది. వస మాత్రం వద్దన్నాను, ఆవిడ సరేనన్నారు. ‘మరి తెలుగు పలకొచ్చా, అదీ వద్దన్నారా?’ అని అడిగారు. మాట్లాడండి అన్నాను.

రోజూ రాత్రి వంటింటి గట్టు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, వాణ్ణి ఎదురుగా నేల మీద కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టేవారు. నెయ్యి వేసిన పప్పన్నం. ముద్ద చేసి, అరచేతిలో ఆపి, వాడి కళ్ళలోకి చూసి, ‘చాలా? ఇంకా?’ అని అడిగేవారు. జవాబు వచ్చేదాకా చెయ్యి కదిపేవారు కాదు. థెరపీ క్లినిక్కులో గంటకి వంద డాలర్లు తీసుకుని చేసేదీ ఇదే, పిల్లవాడి జవాబు కోసం ఓపిగ్గా ఆగడం. ఆవిడకి దానికి పేరు తెలియదు. నాలుగో నెలలో ఒక రాత్రి వాడు ఆవిడ చేతిని మెల్లగా పక్కకి తోసి, ‘చాలు’ అన్నాడు. మా ఆయన హాల్లోంచి పరిగెత్తుకొచ్చారు. అత్తయ్యగారు మాత్రం ఏమీ జరగనట్టు, ‘సరే నాన్నా, చాలు’ అని కంచం పక్కన పెట్టారు. వద్దన్నాక ఆపాలి కదా, అందుకే ఆపారు. స్కూల్లో ఆపలేదు. రిపోర్టులో రాశారు.

మా మనుషుల సంగతి కూడా రాయాలి. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్టు 2025లో ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క చెప్పింది. మా ఊళ్ళో ఉగాది సంబరానికి ఐదు వందల మంది పిల్లలొస్తారు. ఆ లెక్కన పదహారు మంది దాకా కనిపించాలి. మా వాడు కాక నాకు కనిపించేది ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళు ఇళ్ళల్లో ఉన్నారు. అక్కచెల్లెళ్ళ పెళ్ళికి అడ్డమవుతుందని, ఊళ్ళో తెలిస్తే అమ్మానాన్న తలెత్తుకోలేరని, ఎవరో ఒకరు కర్మ అంటారని. మేమూ రెండేళ్లు ఏ పిలుపుకీ వెళ్ళలేదు. వెళ్ళిన మొదటి రోజు, మైకు గోలకి వాడు చెవులు మూసుకుని స్టేజీ కింద దూరితే, ఒక పెద్దాయన తన కండువా పరిచి వాడి పక్కన నేల మీద కూర్చున్నారు. కార్యక్రమం అయ్యేదాకా అక్కడే ఉన్నారు, ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయనకి ఈ జన్మలో రుణపడి ఉంటాను. దాచుకోవడం వల్ల అవమానం తగ్గుతుందేమో గానీ సమాచారం కూడా ఆగిపోతుంది. ఆ కాగితం మీద ఎలా రాయాలి, ఏ తేదీ వెయ్యాలి అని చెప్పేది ఇంకో తల్లే, ఆవిడే ఇంట్లో దాక్కుంటే ఎవరు చెప్తారు?

దాక్కోవడానికి వీసా కూడా ఒక కారణమే. 2019లో కొన్ని రకాల ప్రభుత్వ సాయం తీసుకునేవాళ్ళకి గ్రీన్ కార్డ్ ఇవ్వకపోవచ్చని ఒక కొత్త నిబంధన వచ్చింది. నాకు తెలిసిన రెండు కుటుంబాలు భయపడి పిల్లల్ని స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ నుంచే తీసేశారు. స్కూలు సేవల్ని ఆ నిబంధన లెక్కలోకే తీసుకోలేదు. స్కూలుకి మన వీసాతో పనే లేదు, కాగితాలు లేని పిల్లలకి కూడా చదువు చెప్పాలని 1982లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కానీ భయం తీర్పులు చదవదు.

2023 జనవరిలో మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులు. ఆలోపు ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సర్దుకోవాలి. మామూలు కుటుంబానికి అది జీతం సమస్య, ఇల్లు సమస్య. మాకు అంతకన్నా ముందు ఇన్సూరెన్స్ సమస్య, ఎందుకంటే వాడి థెరపీ అంతా ఆ ఇన్సూరెన్స్ మీదే నడుస్తోంది. 52వ రోజున ఉద్యోగం దొరికింది. కొత్త ఇన్సూరెన్సు వాళ్ళు పాత క్లినిక్కుని ఒప్పుకోలేదు. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ అనుమతులు, మూడు నెలల ఖాళీ. ఆ మూడు నెలల్లో వాడు బాత్రూమ్‌కి వెళ్ళాలని చెప్పే సైగ మర్చిపోయాడు. అది మళ్ళీ రావడానికి ఏడాది పట్టింది.

ఇంకా పెద్ద గోడ ముందుంది. వాడు తెనాలిలో పుట్టాడు, కాబట్టి హెచ్-4 మీద, అంటే తండ్రి ఉద్యోగ వీసాని బట్టి పిల్లలకిచ్చే వీసా మీద ఉన్నాడు. 2033లో 21 నిండుతాయి. 21 నిండితే ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో వాడు ఇక ‘పిల్లవాడు’ కాదు. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశం వాళ్ళకీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల, 2025 చివర్లో కూడా భారతీయుల వరుసలో 2013లో దరఖాస్తు పెట్టినవాళ్ళ దగ్గరే ఉంది వంతు. మాది 2016. తోటి పిల్లలు 21 దాటితే స్టూడెంట్ వీసాకి మారతారు, చదువుకుంటారు, ఉద్యోగం వెతుక్కుంటారు. అదీ అన్యాయమే, కానీ సన్నటి దారైనా ఉంది. మా వాడు కాలేజీలో చేరలేడు. స్నానం చేయించడానికి మనిషి కావలసిన పిల్లవాణ్ణి, వాడి వయసుని బట్టి స్వతంత్రుడైన మగవాడిగా లెక్కకట్టే చట్టం ఇది. వైకల్యం ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు లేదు. ఇద్దరు లాయర్లని అడిగాను. విజిటర్ వీసా ప్రయత్నించొచ్చు, ఆర్నెల్లకోసారి పొడిగింపు అడుక్కోవచ్చు అన్నారు. వాడి ఇంట్లో వాడు చుట్టంగా ఉండాలి.

టెక్సాస్‌లో పెద్దయ్యాక ఇలాంటివాళ్ళకి ఇంట్లో సాయం అందించే పథకాలున్నాయి. వాటిలో కొన్నిటికి పేరు నమోదు చేసుకున్నాక పది పదిహేనేళ్లు ఎదురుచూడాలి. వాడి పేరు 2017లో రాయించాను. వంతు వచ్చే నాటికి వాడి చేతిలో ఏ కాగితం ఉంటుందన్న దాన్ని బట్టే దక్కడమో పోవడమో. ఈ వ్యాసం చదివే తల్లులెవరైనా ఇంకా పేరు రాయించకపోతే రేపు పొద్దున్నే రాయించండి. పేరు రాయించడానికి డబ్బు అక్కర్లేదు.

‘ఇంత అవస్థ ఎందుకు, వచ్చెయ్యండి’ అని అమ్మ ఫోన్లో అంటూనే ఉంటుంది. ఆ మాటని నేను కొట్టిపారెయ్యను. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసమే జాతీయ సంస్థ ఉంది. అక్కడి వికలాంగుల హక్కుల 2016 చట్టంలో ఆటిజాన్నీ బుద్ధిమాంద్యాన్నీ 21 వైకల్యాల జాబితాలో చేర్చారు. వాడికి అక్కడ పౌరసత్వం ఉంది, తాతయ్య, నాయనమ్మ, మేనమామలున్నారు. అక్కడికెళ్ళి పిల్లల్ని చక్కగా చూసుకుంటున్న స్నేహితులున్నారు నాకు. వెళ్తే వెళ్తాం. కానీ అది మేము కూర్చుని, వాడికి ఏది మంచిదో ఆలోచించి తీసుకునే నిర్ణయం కావాలి. పదకొండేళ్లుగా వాడికి అలవాటైన బస్సు, టీచరు, వీధి, ఇవన్నీ ఒక పుట్టినరోజు నాడు ఊడబెరికే హక్కు ఎవరికీ లేదు. మార్పు అంటే ప్రాణం పోయేంత భయపడే పిల్లవాడి విషయంలో అసలే లేదు. ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. అక్కడ వైకల్యం ఉన్నవాళ్ళ మీద వివక్ష కూడదనే చట్టం నుంచి వలస చట్టానికి మినహాయింపు ఉంది. పిల్లవాడి వైద్యం లాంటి ఖర్చులు లెక్కకట్టి ఇంటిల్లిపాదికీ వీసా లేదనొచ్చు. కెనడా కూడా ఒకప్పుడు అలాగే చేసేది, 2018లో స్పెషల్ ఎడ్యుకేషన్ ఖర్చుని ఆ లెక్కలోంచి తీసేసింది. అంటే మార్చొచ్చన్నమాట. అక్కడివాళ్ళు అడిగారు, మారింది.

2019 నవంబరులో కారులో కూర్చున్న ఆ రోజుకి వస్తాను. ఇంటికెళ్ళి ఆ పేజీ మా ఆయనకి చూపించాను. ‘ఇప్పుడు గొడవెందుకు, సంతకం అయిపోయిందిగా’ అన్నారాయన మొదట. ఆయన్ని తప్పుపట్టను, గ్రీన్ కార్డ్ కాగితాలు నడుస్తున్న మనిషి. ఆ రాత్రి నేనే కూర్చుని ఉత్తరం రాశాను. మళ్ళీ మీటింగ్ పెట్టమని, ఆ లక్ష్యం తీసెయ్యమని, పిల్లవాడి ఇంటి భాషని లెక్కలోకి తీసుకోకుండా చేసిన పరీక్ష మాకు సమ్మతం కాదని. తేదీ వేశాను. జీవితంలో ఒక ఆఫీసుకి నేను రాసిన మొదటి అభ్యంతరం అది. చివర ఇంకో వాక్యం చేర్చాను. పిల్లవాడి గురించి బాగా తెలిసిన మనిషిని మీటింగుకి తెచ్చుకునే హక్కు చట్టం తల్లిదండ్రులకిచ్చింది, వాళ్ళ నాయనమ్మని తీసుకొస్తున్నాను అని.

డిసెంబరు రెండో వారం. అత్తయ్యగారు వెంకటగిరి చీర మీద మా ఆయన స్వెట్టర్ వేసుకుని, పిల్లల కోసం చేసిన ఆ చిన్న కుర్చీలో కూర్చున్నారు. అటువైపు మళ్ళీ ఏడుగురు. నేను ‘చాలు’ అంటే ఏమిటో చెప్పాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. టీచరు కళ్ళు తుడుచుకుని, ‘నేను రోజుకి ఇరవైసార్లు విన్నాను ఆ మాట’ అంది. తర్వాత అత్తయ్యగారి వైపు తిరిగి, మరి వాడు చాలన్నప్పుడు మీరేం చేస్తారు అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

అత్తయ్యగారు కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు దగ్గరికి చేర్చి, గాల్లోనే ముద్ద చేసి చూపించారు. ‘ముద్ద పెద్దదైతే వెంటనే చాలంటాడమ్మా. నేను ఆపుతాను. కాస్త ఆగి, ఇంతే, ఇంత చిన్నది చేసి మళ్ళీ అడుగుతాను. అప్పుడు తింటాడు. అలా చిన్నవి చేసుకుంటే కంచం ఖాళీ అవుతుంది.’

నేను ఇంగ్లిష్‌లో చెప్తుంటే, స్పీచ్ థెరపిస్ట్ పాత లక్ష్యం మీద గీత కొట్టి, ఆ మాటలు పక్కన రాసుకోవడం మొదలుపెట్టింది. ‘చాలు’ ఇంగ్లిష్‌లో ఎలా రాయాలని అడిగింది. ఒక్కొక్క అక్షరం చెప్పాను.